కబడ్డీ మేనేజర్ గేమ్‌లో ఆటగాళ్ల స్వభావాలు, టీమ్ కెమిస్ట్రీ ఎలా పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఒక్కరే కూర్చుని కబడ్డీ మేనేజర్ గేమ్ (మనం ఆడకుండా, జట్టుని నడిపించే వీడియో గేమ్) చేస్తున్నారు. ప్రతి ఆటగాడికీ పన్నెండు స్వభావ లక్షణాలు ఇచ్చారు. టీమ్ మొత్తానికి సున్నా నుంచి వంద దాకా ఒక కెమిస్ట్రీ (ఆటగాళ్ల మధ్య పొత్తు) బార్ పెట్టారు, అది నిండితే అందరి స్కిల్ పది శాతం పెరుగుతుంది. తీరా కాలేజీ ఫ్రెండ్స్‌తో ఆడిస్తే లక్షణాల వైపు ఎవరూ చూడలేదు. బార్ నింపడమే పనిగా పెట్టుకున్నారు, రెండు రోజుల్లో విసుగొచ్చి వదిలేశారు. లక్షణాలు ఎన్ని ఉండాలి, కెమిస్ట్రీకి ఫార్ములా ఏమిటి, వయసు, జీతం కూడా లెక్కలోకి తీసుకోవాలా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పేస్తాను: లక్షణాలు ఐదుకి మించొద్దు. టీమ్ బార్ తీసేసి ఇద్దరిద్దరి మధ్య సంబంధం లెక్కపెట్టండి. ఆ సంబంధం స్కిల్ జోలికి పోకూడదు. ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు, ఎంత త్వరగా కదులుతారు అన్నదాన్ని మార్చాలి. ఇక మిగతాదంతా ఎందుకు, ఎలా అన్న వివరం. తీరికుంటే చదవండి.

నేను విజయవాడ పటమటలో ముగ్గురు మనుషుల గేమ్ స్టూడియో నడుపుతున్నాను. అంతకుముందు వేరే ఊళ్లో ఒక కంపెనీలో క్రికెట్ మేనేజర్ గేమ్ మీద నాలుగేళ్లు పనిచేశాను. ఇప్పుడు మాదీ కబడ్డీయే కాబట్టి మీ తలనొప్పి నాకు కొత్తేం కాదు. ఒక మాట ముందే చెప్తాను: గేమ్ ఆడేవాళ్లని 'మేనేజర్' అంటాను, గేమ్ లోపల కూతకెళ్లేవాళ్లని 'ఆటగాళ్లు' అంటాను. లేకపోతే ఇద్దరూ 'ప్లేయర్లే' అయిపోయి గందరగోళం.

పన్నెండు లక్షణాలు ఎందుకు పనిచేయవు

ఆ క్రికెట్ గేమ్‌లో మేం పద్నాలుగు పెట్టాం. ఆత్మవిశ్వాసం, ధైర్యం, పట్టుదల, ఇలా ఒక్కోదానికీ ఒక్కో అంకె, రంగురంగుల పట్టిక. ఆ మూడింటికీ తేడా ఏమిటని ఒక టెస్టర్ అడిగితే నేను పది నిమిషాలు చెప్పాను, అతను తలూపాడు. ఇద్దరికీ అర్థం కాలేదని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత ఒక బిల్డ్‌లో (గేమ్ వెర్షన్‌లో) పొరపాటున తొమ్మిది లక్షణాలను కోడ్ చదవడమే మానేసింది. స్క్రీన్ మీద అంకెలు మాత్రం దర్జాగా కనిపిస్తున్నాయి, లోపల వాటికి ఏ పనీ లేదు. నెల రోజులు ఎవరూ కనిపెట్టలేదు. నేనూ కనిపెట్టలేదు. వేరే బగ్ కోసం వెతుకుతుంటే బయటపడింది.

అప్పట్నుంచి నాకు ఒకటే పరీక్ష. ఒక సందర్భం తీసుకుంటాను. ఈ లక్షణం బాగా ఉన్నవాడు అక్కడ ఏం చేస్తాడో, లేనివాడు ఏం చేస్తాడో రెండు వాక్యాల్లో రాస్తాను. ఆ తేడా మేనేజర్ కంటికి కనిపించాలి. అలాంటి సందర్భాలు కనీసం మూడు దొరక్కపోతే ఆ లక్షణం కొట్టేస్తాను.

ఉదాహరణకి అహం. ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉన్నాం, మిగిలింది 25 సెకన్లు, కూత మనది, అది డూ ఆర్ డై (పాయింటు తేవాల్సిందే, లేకపోతే రైడర్ ఔట్) కూడా కాదు. మిడ్ లైన్ దాటి, అవతల రైడర్ దాటి తీరాల్సిన బాక్ లైన్ కూడా దాటి, ఊరికే కూత పెట్టి తిరిగొస్తే మ్యాచ్ మనదే. కానీ అవతల మ్యాట్ మీద ఆరుగురున్నారు, అంటే బోనస్ ఉంది, ఇంకా లోపలున్న బోనస్ లైన్ దాటితే ఒక పాయింటు. అహం ఎక్కువున్నవాడు బోనస్ లైన్ మీదికి కాలు చాపుతాడు. దొరికితే స్కోరు సమం. ఇది చూసిన మేనేజర్ నెత్తి కొట్టుకుంటాడు, ఆ ఆటగాడి పేరు జన్మలో మర్చిపోడు. అదే అహం వేరేచోట మంచి చేస్తుంది: రెండు ఖాళీ రైడ్‌ల తర్వాత మూడోది డూ ఆర్ డై అయినప్పుడు, వెళ్లడానికి అందరూ వెనకాడుతుంటే 'నేను పోతా' అని ముందుకొచ్చేది అతనే. బెంచ్ మీద కూర్చోబెడితే అలిగేదీ అతనే. మూడు సందర్భాలు అయ్యాయి, కాబట్టి అహం ఉంటుంది.

మా గేమ్‌లో ఇప్పుడున్నవి అహం, తెగువ, ఓర్పు, సాధన మీద శ్రద్ధ, జట్టు మీద మమకారం. చివరిది ఎక్కువగా కాంట్రాక్టుల దగ్గరే పనికొస్తుంది, దాన్ని కూడా తీసేద్దామా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటాం. 'నాయకత్వం' పెట్టలేదు. అది మనిషిలో ఉండే అంకె అని నేను ఒప్పుకోను. పక్కవాళ్లు మాట వింటేనే నాయకుడు, అది సంబంధాల లెక్కలోంచే రావాలి.

అంకెలు మేనేజర్‌కి చూపించకండి. ఫుట్‌బాల్ మేనేజర్ సిరీస్ చాలాకాలంగా చేస్తున్నది ఇదే. వృత్తి నిబద్ధత, ఆశయం, విధేయత, ఒత్తిడి తట్టుకోవడం లాంటివి ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలుగా లోపల దాగి ఉంటాయి, బయటికి వాటి కలయికకి ఒక పేరు మాత్రమే కనిపిస్తుంది. మనిషిని చూసి ఊహించుకోవాలే తప్ప ఎక్స్‌రే తీసి చూడలేం కదా. ఊహ తప్పయినప్పుడు కలిగే ఆ చిన్న షాకే ఇలాంటి గేమ్‌లకు అసలు రుచి.

ఇక కెమిస్ట్రీ

బార్ ఆలోచన మీకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించగలను. ఫీఫా ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లోని అల్టిమేట్ టీమ్‌లో ఒకే దేశం, ఒకే లీగ్, ఒకే క్లబ్ వాళ్లని పక్కపక్కన పెడితే కెమిస్ట్రీ వందకి చేరేది. ఫీఫా 23తో పద్ధతి మార్చారు, ఒక్కో ఆటగాడికి మూడు చొప్పున మొత్తం 33 పాయింట్లు, పక్కపక్కన ఉండాలన్న షరతు పోయింది. అది అక్కడ చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అది కార్డులు పోగేసుకునే పజిల్. ఆ కార్డుల్లో ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు అలగరు, ఎవరి పెళ్లికి ఎవరు రాలేదో గుర్తుపెట్టుకోరు. మీరు చేస్తున్నది మనుషుల్ని నడిపించే గేమ్. అందులో ఆ పజిల్ తెచ్చి పెడితే మీ ఫ్రెండ్స్ పజిల్‌లాగే పూర్తి చేసి లేచిపోయారు. వాళ్ల తప్పేం లేదు.

నేను గుంటూరులో పెరిగాను. మా బ్రాడీపేట క్రికెట్ జట్టులో ఓపెనర్లు ఇద్దరూ బావ, బావమరిది. ఇంటి స్థలం దగ్గర గొడవొచ్చి రెండేళ్లు మాటల్లేవు. ఒకే స్కూటర్ మీద వచ్చేవాళ్లు విడివిడిగా రావడం మొదలుపెట్టారు, టీ తాగేటప్పుడు చెరో వైపు నిలబడేవాళ్లు. కానీ పిచ్ మీద వాళ్లిద్దరి మధ్య రనౌట్ అయిన గుర్తు నాకు లేదు. 'యెస్', 'నో' అని అరిచేవాళ్లు కూడా కాదు, ఒక చూపు చాలు. మరోపక్క నేనూ నా ప్రాణస్నేహితుడూ కలిసి బ్యాటింగ్‌కి దిగితే ఇద్దర్లో ఒకడు నడి పిచ్ మీద ఆగిపోవడం ఖాయం. సినిమాలకి, తిరుగుళ్లకి మాకంటే మంచి జోడీ లేదు, పరుగుకి మాత్రం పనికిరాం.

అందుకే ఒక్కో జంటకీ రెండు అంకెలు పెట్టండి: ఆటలో నమ్మకం ఒకటి, బయట స్నేహం ఒకటి. ఇది నేను కనిపెట్టింది కాదు. క్రీడా మనస్తత్వ శాస్త్రంలో ఆల్బర్ట్ కారన్, విడ్‌మేయర్, బ్రాలీ కలిసి 1985లో జట్టు ఐక్యతని కొలవడానికి 18 ప్రశ్నల పత్రం తయారుచేశారు. అందులో పని కోసం కలవడం వేరు, మనుషులుగా కలవడం వేరు అనే విభజన ఉంది. అది చదివినప్పుడు నాకు మా బావాబావమరుదులే గుర్తొచ్చారు.

లెక్క ఎంతవుతుందని భయపడకండి. మ్యాట్ మీద ఏడుగురుంటే 21 జంటలు. స్క్వాడ్‌లో 18 మందైతే 153. 'వాడికి నేనంటే ఇష్టం, నాకు వాడంటే పడదు' అన్నది కూడా కావాలంటే రెండు దిక్కులా లెక్కేసి 306. ఫోనుకి ఇది బరువే కాదు. మీరు రెండు దిక్కులా పెట్టండి. జూనియర్ ఆరాధిస్తుంటే సీనియర్ పట్టించుకోకపోవడం ప్రతి జట్టులో ఉండేదే, అందులోంచి మంచి కథలు పుడతాయి.

మరి ఆ నమ్మకం ఆటలో ఏం చేయాలి? ఇక్కడే మీ పది శాతం స్కిల్ పద్ధతి దెబ్బతింటోంది. అందరూ కాస్త బాగా ఆడితే ఎందుకు బాగా ఆడారో మేనేజర్‌కి తెలిసే దారే లేదు. కబడ్డీ మీకు అద్భుతమైన అవకాశం ఇస్తోంది, వాడుకోండి. ఎడమ కార్నర్ (చివర నిలబడే డిఫెండర్) రైడర్ కాలు పట్టాడనుకోండి. ఆ అర క్షణంలో కవర్ (లోపలి వైపు నిలబడే డిఫెండర్) ముందుకొచ్చి దారి మూసేయాలి. కార్నర్ మీద కవర్‌కి నమ్మకం ఉంటే, కార్నర్ వంగడం మొదలుపెట్టగానే ఇతను కదులుతాడు. లేకపోతే 'వీడు నిజంగా పడతాడా, చేయి జారుస్తాడా' అని చూసి కదులుతాడు. ఆ చూసే సమయంలో రైడర్ మిడ్ లైన్ తాకేస్తాడు. మా గేమ్‌లో సహాయానికి వచ్చే ఆలస్యం మామూలుగా 0.4 సెకన్లు. నమ్మకాన్ని బట్టి అటూఇటూ 0.15 మారుతుంది, అంతే. ఇద్దరి పట్టు బలం, వేగం మేం ముట్టుకోలేదు. అయినా రీప్లే చూసిన ఎవరికైనా 'కవర్ లేటుగా వచ్చాడు' అని కనిపిస్తుంది. 'ఎందుకు లేటొచ్చాడు' అన్న ప్రశ్న మేనేజర్ మనసులో పుడితే మన పని సగం అయినట్టే.

మ్యాట్ మీద ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు రైడర్‌ని పట్టేస్తే (సూపర్ టాకిల్) అదనపు పాయింటు ఉంటుంది కదా, అప్పుడు మిగిలిన ఆ కొద్ది జంటల లెక్క ఒక్కసారిగా బరువెక్కుతుంది. దానికి విడిగా ఏ కోడూ రాయక్కర్లేదు, ఆలస్యమే చూసుకుంటుంది.

బయట స్నేహం అంకె మ్యాట్ మీదికి రాకుండా చూడండి. అది డ్రెస్సింగ్ రూమ్‌లో పనిచేయాలి. ఒకణ్ణి అమ్మేస్తే ఎవరు బాధపడతారు, కొత్తవాడికి ఎవరు దగ్గరవుతారు, జీతం పెంచమని ఎవరెవరు కలిసొస్తారు, ఇలాంటివి. ఫుట్‌బాల్ మేనేజర్ 2018లో డైనమిక్స్ అని ఒక భాగం తెచ్చారు, జట్టులో గుంపులు, పెద్దరికం వరస అందులో కనిపిస్తాయి. ఒకసారి చూడండి, కానీ అంత పెద్దది మీరొక్కరే చేయబోకండి.

బాణం ఎటు నుంచి ఎటు?

చాలామంది తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. కలిసి ఉంటే గెలుస్తారు, గెలిస్తే కలిసి ఉంటారు, రెండూ నిజమే కదా అని రెండింటికీ సమానమైన బలం ఇచ్చాను. మా గేమ్ ఆడి చూస్తున్న ఒక కుర్రాడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు, "అన్నా, మావాళ్లు కూతకెళ్లి పడుకుంటున్నారు, వరసగా తొమ్మిది మ్యాచ్‌లు పోయాయి" అని. చూస్తే విషయం తేలిగ్గానే తెలిసింది. మొదట రెండు ఓటములు దురదృష్టం, దాంతో నమ్మకం పడింది, నమ్మకం పడింది కాబట్టి మూడోది, మూడోది కాబట్టి నాలుగోది. బావిలో పడ్డవాడి మీద రాళ్లేసినట్టు అయింది.

బ్రయన్ మలెన్, కరొలిన్ కాపర్ 1994లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు, ఐక్యత వల్ల ఫలితం రావడం కంటే ఫలితం వల్ల ఐక్యత రావడమే బలంగా కనిపించింది. నేను కోడ్‌లో ఇప్పుడు అదే పాటిస్తున్నాను. మ్యాచ్ ఫలితం సంబంధాల మీద గట్టిగా పనిచేస్తుంది, సంబంధాలు ఫలితం మీద సన్నగా పనిచేస్తాయి. దానికి తోడు ప్రతి వారం అంకెలన్నీ తమ పాత స్థాయి వైపు కొంచెం కొంచెం జారతాయి. ఓర్పు ఎక్కువున్నవాళ్లకి ఓటమి తర్వాత తగ్గుదల సగమే. ఈ మూడు మార్పులతో తొమ్మిది మ్యాచ్‌ల గొయ్యి పోయింది.

సంఘటన లేకుండా అంకె మారకూడదు

నా జవాబు మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. ఒక జంట మధ్య అంకె మారిన ప్రతిసారీ కారణం రాసిపెట్టండి: తేదీ, ఏం జరిగింది, ఎంత మారింది. ఒక్కో జంటకి ఆఖరి ఆరు సంఘటనలు చాలు. మేనేజర్ 'వీళ్లకి ఎందుకు పడట్లేదు' అని నొక్కితే ఆ సంఘటనలే మాటలుగా వస్తాయి. 'ఆ రోజు ఆఖరి కూతకి నన్ను కాదని అతన్ని పంపారు.' 'నేను కాలు పట్టినప్పుడు ఒక్కడూ రాలేదు.' స్వభావానికీ సంబంధానికీ లింకు కూడా ఇక్కడే కుదురుతుంది. ఒకే సంఘటన, అహం ఉన్నవాడికి గాయం, లేనివాడికి లెక్కే కాదు. సంఘటన బరువుని లక్షణంతో గుణించండి. మీరడిగిన ఫార్ములా ఇంతే.

ఇది లేకముందు మా గేమ్‌లో 'మెచ్చుకో' అని ఒక బటన్ ఉండేది. ఒకతను పొద్దున్నే పళ్లు తోముకుంటూ 18 మందినీ వరసగా మెచ్చుకునేవాడట. అందరి అంకెలూ వందకి చేరాయి. బటన్ తీసేయకుండా మార్చాం. ఇప్పుడు ఒకణ్ణి మెచ్చుకుంటే మిగతావాళ్లూ వింటారు. నిన్న బాగా ఆడినవాణ్ణి మెచ్చుకుంటే పర్లేదు. బాగా ఆడనివాణ్ణి మెచ్చుకుంటే వాడికే ఎబ్బెట్టుగా ఉంటుంది, పక్కవాడు సణుగుతాడు.

సంభాషణల గురించి ఒక చిట్కా చెప్తాను, ఇది తెలుగులో గేమ్ చేసేవాళ్లకి దొరికే వరం. మనవాళ్లు ఒకర్నొకరు ఎలా పిలుచుకుంటారో చూస్తే చాలు, సంబంధం ఎక్కడుందో తెలిసిపోతుంది. జూనియర్ కుర్రాడు మొదట్లో 'శీనన్న చెప్పాడు' అంటాడు. చనువు పెరిగితే 'అన్న' ఒక్కటే మిగులుతుంది, పేరు పోతుంది. గొడవయ్యాక 'శ్రీను' అంటాడు, అన్న ఊడిపోతుంది. ఇంకా ముదిరితే 'ఆయన్నే అడగండి' అంటాడు. గౌరవం పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి దూరం పెరిగింది. మహిళల జట్టులో 'అక్కా' దగ్గరా ఇదే కథ. మేం నమ్మకం, స్నేహం అంకెల్ని బట్టి పిలుపు మారేలా చేశాం. ఎక్కడా చెప్పలేదు, ట్యుటోరియల్‌లో కూడా లేదు. రెండు వారాలకి ఒక టెస్టర్ అడిగాడు: "వీడు మొన్నటిదాకా అన్న అనేవాడు కదా, ఏమైంది?" మా ఆఫీసులో ఆ రోజు అందరికీ పునుగులు తెప్పించాను.

ఇబ్బంది ఏమిటంటే వాక్యాలు చాలా రాయాలి. మేం మొదట యాభై రాశాం, మూడో రోజుకే 'మళ్లీ అదే డైలాగా' అన్నారు. మూడు వందలు దాటాక ఫిర్యాదులు తగ్గాయి. కోడ్ కంటే దీనికే ఎక్కువ టైమ్ పడుతుందని ముందే అనుకోండి.

ఒక జాగ్రత్త. ఆటగాళ్ల మధ్య మొదటి దగ్గరతనం దేన్నిబట్టి అని ఆలోచిస్తే ఎవరో ఒకరు మీకు కులం పెట్టమని సలహా ఇస్తారు. 'రియలిస్టిక్‌గా ఉంటుంది' అంటారు. మాకూ ఇచ్చారు. వద్దు. నిజజీవితంలో అది ఎంత ఉందో మీకూ నాకూ తెలుసు. గేమ్‌లో పెడితే మాత్రం మేనేజర్‌కి మీరు నేర్పే పాఠం 'ఒకే కులం వాళ్లని కొంటే బాగా గెలుస్తావు' అని. బార్ నింపినట్టే అదీ నింపుతారు. ఇంటిపేర్లు యాదృచ్ఛికంగా పుట్టించే కోడ్ ఉంటే దాన్నీ ఒకసారి చూసుకోండి, మేం అసలు ఇంటిపేర్లే వాడట్లేదు, పేరు, ఊరు అంతే. మొదటి దగ్గరతనానికి ఒకే ఊరు, ఒకే కోచ్ దగ్గర నేర్చుకోవడం, ఒకే రూమ్‌లో ఉండటం, మాట్లాడే భాష సరిపోతాయి. హర్యానా నుంచి వచ్చిన రైడర్ మన కుర్రాళ్లతో మొదటి నెల సైగలతో నెట్టుకురావడం, తర్వాత తెలుగులో మొదటి బూతు నేర్చుకోవడం, ఇదంతా మంచి సరుకే. బూతు చూపించకండి, నేర్చుకున్నాడని చెప్పండి చాలు.

వయసు, జీతం గురించి అడిగారు. పెద్దగా పట్టించుకోకండి. జీతం తేడా ఒక సంఘటనగా వస్తే చాలు, రోజూ లెక్కేసే అంకెగా వద్దు.

సరిచూసుకోవడం ఎలాగంటే, స్కిల్ అచ్చంగా సమానంగా ఉన్న రెండు జట్లు తీసుకోండి. ఒకదాంట్లో సంబంధాలన్నీ బాగున్నట్టు, ఇంకోదాంట్లో అన్నీ చెడినట్టు పెట్టి వెయ్యి మ్యాచ్‌లు ఆటోమేటిక్‌గా ఆడించండి. నా లెక్కలో మంచి జట్టు వందకి 55 నుంచి 58 మధ్య గెలవాలి. 65 దాటితే మేనేజర్లు స్కిల్ చూడటం మానేసి కౌన్సెలర్లు అయిపోతారు. 52 దగ్గర ఆగితే మీరు రాసిన మూడు వందల వాక్యాలూ అలంకారమే. ఈ అంకెలు మా గేమ్‌కి కుదిరినవి, మీకు కాస్త అటూఇటూ కావచ్చు.

ఒక్కరే చేస్తున్నారు కాబట్టి మొత్తం ఒకేసారి మొదలెట్టకండి. ఈ నెల అహం, ఓర్పు రెండే ఉంచి, ఎడమ కార్నర్, ఎడమ కవర్ జంటకి మాత్రం ఆలస్యం లెక్క పెట్టి, సంఘటనల చిట్టా రాయించండి. అదే ఫ్రెండ్స్‌కి ఇవ్వండి, ఏం మార్చారో చెప్పొద్దు. వాళ్లలో ఒకరైనా ఆ కవర్‌ని పేరు పెట్టి తిడితే తర్వాతి జంటకి వెళ్లండి. మీ పన్నెండు లక్షణాల జాబితా కింద రాయండి, వీలున్నప్పుడు చూసి ఏవి కొట్టేయొచ్చో చెప్తాను. సంక్రాంతి దాకా మాత్రం నాకూ ఒక రిలీజ్ టెన్షన్ ఉంది, జవాబు కాస్త ఆలస్యమవుతుంది.